మా నాన్న స్కూటర్‌కి తీసిన దిష్టి

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటి వెనక జాగాలో మూడు బస్సులు ఉండేవి. వారమంతా అవి ఎర్రమంజిల్, మాసబ్ ట్యాంక్ ఆఫీసులకు ఉద్యోగులను చేరవేసేవి. సెలవులొస్తే పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ వెళ్లేవి. ఊరందరికీ కోడి కూస్తే తెల్లారేదేమో గానీ, మాకు మాత్రం ఇంజన్ దగ్గితే తెల్లారేది. పెరట్లో ఆరేసిన బట్టలకు డీజిలు వాసన పట్టేది. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుంటే, మాకు మూడు బస్సులున్నాయి మరి, అని గొప్పగా చెప్పుకునేదాన్ని.

మూడు బస్సులున్నా మా నాన్న ప్రాణమంతా ఒక్క స్కూటర్ మీదే ఉండేది. ఆ రోజుల్లో స్కూటర్ కావాలంటే బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. నేను పుట్టకముందు బుక్ చేస్తే నేను మూడో తరగతిలో ఉండగా వచ్చింది. లేత నీలం రంగు. సీటు మీద కంపెనీ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరు నాన్న తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. ఒకసారి మబ్బు పట్టిందని, స్కూటర్ తడుస్తుందని, దాని మీద దుప్పటి కప్పి ఎర్రమంజిల్ దాకా నడిచి వెళ్లి, తను నిలువునా తడిసి వచ్చాడు. ఆ తుమ్ములు నాలుగు రోజులు తగ్గలేదు. మా నానమ్మ మిరియాల కషాయం కాస్తూ, "స్కూటర్‌కి జలుబు చెయ్యలేదు కదా నాయనా?" అని అడిగింది.

నానమ్మ కృష్ణా జిల్లా మనిషి. బస్సుల మంచిచెడ్డలు నాన్నవి, బస్సుల దిష్టి ఆవిడది. ఏ బండి దూరం వెళ్లినా ముందు చక్రాలకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది. బస్సు వాటిని చిదుపుకుంటూ గేటు దాటితే ఇక ఏ భయమూ లేదని నాన్న నమ్మకం. మరీ గట్టి నమ్మకం. టైరు అరిగిందని చెప్పినా, లైటు వెలగడం లేదని చెప్పినా, "అమ్మ నిమ్మకాయలు పెట్టిందిగా" అనేవాడు.

ఆ ఏడాది వేసవి సెలవుల్లో మా వీధి వాళ్లంతా కలిసి మా బస్సు మాట్లాడుకుని శ్రీశైలం బయలుదేరారు. నాన్న నాకూ ఒక సీటు ఇచ్చాడు, పక్కింటి అక్కకు నన్ను అప్పగించాడు. నేను అప్పటిదాకా బస్సుల్లో పెరిగానే గానీ బస్సెక్కి ఎక్కడికీ వెళ్లింది లేదు. మిఠాయి కొట్టువాడి పిల్లకు మిఠాయి దొరకనట్టే. అందుకని కిటికీ సీటు నాదేనని రెండు రోజుల ముందే దాని మీద నా రుమాలు కట్టేసి వచ్చాను.

బయలుదేరడానికి ముందు రోజు సాయంత్రం డ్రైవరన్న వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు. నేను వాకిట్లో గచ్చకాయలు ఆడుకుంటున్నాను. నానమ్మ వంటింటి కిటికీ దగ్గర పులిహోరకు చింతపండు పిసుకుతోంది.

"సేఠ్, బిరేకు జర లూజుగున్నది. రెండు మూడు సార్లు తొక్కితే గాని పడ్తలేదు. పంజాగుట్ట చాచాకు ఒకసారి సూపిద్దాం" అన్నాడు.

పంజాగుట్ట చాచా అంటే మా బస్సులు బాగుచేసే మెకానిక్. ఆయన చేతికి బండి ఇస్తే పూట గడవందే వదలడని నాన్నకు తెలుసు. బయలుదేరడం ఆలస్యమైతే వీధి వాళ్లు వేరే బస్సు చూసుకుంటారేమోననీ, వాళ్ల ముందు పరువు పోతుందనీ నాన్న బెంగ.

"ఏం కాదులేవయ్యా! నెమ్మదిగా పోనీ. తిరిగొచ్చాక చూపిద్దాం."

"ఘాట్ ల దిగుడున్నది సేఠ్."

"నిమ్మకాయలు పెడుతుందిగా మా అమ్మ!"

డ్రైవరన్న మంచినీళ్లు అడుగుతూ వంటింటి వైపు వెళ్లాడు. మంచినీళ్లకు అంతసేపు ఎందుకు పట్టిందో నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సు నిండిపోయింది. చాపలు, మరచెంబులు, పూరీల మూటలు, ఇద్దరు చంటిపిల్లలు. కృష్ణానగర్ నుంచి ఎవరికో బంధువు, సినిమాల్లో పోలీసు వేషాలు వేసే ఒకాయన, ముందు సీట్లో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. నేను రుమాలు విప్పి నా కిటికీ దగ్గర కూర్చున్నాను. నాన్న తువ్వాలు చుట్టుకుని వసారాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

నానమ్మ హారతి పళ్లెంతో వచ్చింది. బస్సుకు బొట్టు పెట్టింది. నిమ్మకాయలు పెట్టింది. ముందు చక్రం దగ్గర ఎప్పటికన్నా పెద్ద దండ కుప్పగా పోసింది. అప్పుడు నాన్నను పిలిచి, స్కూటర్ తెచ్చి బస్సుకు ఎదురుగా పెట్టమంది. కొన్న దగ్గర్నుంచి వీధి వీధంతా దాని మీద కళ్లు వేసిందట, పెద్ద బండితో పాటే దీనికీ దిష్టి తీసేస్తానంది. నాన్నకు ఆ మాట వీనులవిందుగా వినిపించినట్టుంది. బస్సులో జనమంతా చూస్తుండగా దుప్పటి తీసి, హెడ్‌లైటును తువ్వాలు కొంగుతో తుడిచి, స్కూటర్‌ను బస్సు ముక్కుకు రెండు బారల దూరంలో నిలబెట్టాడు. మళ్లీ వసారాలోకి వెళ్లి రెండో చెంపకు సబ్బు పట్టించాడు.

నానమ్మ స్కూటర్ చుట్టూ హారతి తిప్పి పక్కకు జరిగింది. డ్రైవరన్న వైపు చూసి గట్టిగా, "ఇక రానియ్యి నాయనా! నిమ్మకాయలు తొక్కి, స్కూటర్ దాకా వచ్చి ఆపు" అంది.

ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది. బస్సు గడగడా వణికింది.

వసారాలో ఏదో పగిలిన చప్పుడైంది. అద్దమని తర్వాత తెలిసింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా నురగతో, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని నాన్న పరుగెత్తుకొచ్చాడు. స్కూటర్‌కి అడ్డంగా నిలబడి రెండో చెయ్యి చాపి, "ఆపు! ఆపరా! ఆపవయ్యా! బ్రేకు పడదు దానికి!" అని అరిచాడు.

ఆ కేక అమీర్‌పేట చౌరస్తా దాకా వినిపించి ఉంటుంది. బస్సులో వాళ్లకు వినిపించకుండా ఉంటుందా? ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోయారు. పోలీసు వేషాలాయన లేచి, సినిమా గొంతుతో, "ఎవరూ కంగారు పడొద్దు! ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి!" అని, అందరికన్నా ముందు తనే దూకాడు. ఆ వెనక చాపలూ చెంబులూ చంటిపిల్లలూ దిగిపోయారు. నేను మాత్రం కదల్లేదు. దిగితే సీటు పోతుందని నా భయం.

నానమ్మ హారతి పళ్లెం పట్టుకుని కొడుకు ముందుకు వచ్చింది.

"అదేంటిరా? నిన్న ఏం కాదన్నావుగా? శ్రీశైలం ఘాటుకు సరిపోయే బ్రేకు, మన వాకిట్లో సరిపోదా?"

నాన్న జారుతున్న తువ్వాలు బిగించుకున్నాడు.

"నిమ్మకాయ దిష్టి తీస్తుంది గానీ బ్రేకు వెయ్యదురా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. "బయట స్కూటర్ నిలబెడితే ఇంత పరుగు పెట్టావు. లోపల నీ పిల్ల కూర్చుని ఉంది కదరా. దానికోసం నిన్ననే పరుగు రాలేదేం?"

నాన్న తలెత్తి చూశాడు. నేను రెండు జడలతో, చేతిలో పూరీతో ఆయన్నే చూస్తున్నాను. ఆ ముఖం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. గబగబా బస్సెక్కి వచ్చి, అంత పెద్దపిల్లను, చంకనెత్తుకుని కిందికి దించాడు. గట్టిగా హత్తుకున్నాడేమో, ఆయన చెంప మీది సబ్బు నురగంతా నా చెంపకు అంటుకుంది. యాత్ర ఆగిపోయిందనుకుని నేను గొల్లుమన్నాను.

అప్పుడు డ్రైవరన్న కిందికి దిగి, నవ్వు ఆపుకుంటూ, చక్రం ముందున్న బంతిపూలు పక్కకు తీశాడు. వాటి కింద మా రుబ్బురోలు పొత్రం టైరుకు అడ్డంగా పెట్టి ఉంది. "గేరు సుత ఎయ్యలే సేఠ్, ఇంజన్ ఉత్తగ రేజు చేసిన. పెద్దమ్మ గట్లనే చెయ్యమన్నది" అన్నాడు. వెనక చక్రాలకూ రాళ్లు పెట్టే ఉన్నాయి. స్కూటర్‌కూ నాకూ రాని ప్రమాదాన్ని మా నాన్నకు మాత్రం కళ్లకు కట్టినట్టు చూపించింది నానమ్మ.

నాన్న సగం గడ్డంతోనే స్కూటర్ మీద పంజాగుట్ట వెళ్లి చాచాను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. గ్రీజు లుంగీతో ఆ సీటెక్కడానికి చాచాయే జంకాడట. వచ్చేసరికి ప్లాస్టిక్ కవరు మీద అరచెయ్యంత నల్ల మరక పడింది. నాన్న దాన్నే చూస్తూ నిలబడితే, "దిష్టి చుక్క. ఇక దానికి ఎవరి కళ్లూ తగలవు" అంది నానమ్మ.

చాచా చక్రాలు విప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. "యా అల్లా! బిరేకు లైనింగు మొత్తం అరిగిపోయింది సేఠ్. దీంతోని ఘాట్ దిగితే ఇక ఖుదాయే ఆపాలె" అన్నాడు. ఆ మాటకు ఇక ఎవరూ ఆలస్యమైందని గొణగలేదు. నానమ్మ గుండిగెడు ఉప్మా చేసి వీధి వీధికంతా పెట్టింది. పోలీసు వేషాలాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. చాచా కొత్త లైనింగు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది, అప్పుడు బస్సు కదిలింది. నాన్న కూడా ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు. ఘాటులో ఒక మలుపు దగ్గర ఎదురుగా లారీ వస్తే డ్రైవరన్న బ్రేకు తొక్కాడు, బస్సు ఆగింది. అంతే. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ జరగలేదు. నాన్న మాత్రం చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత మా బస్సు ఏది దూరం బయలుదేరినా, డ్రైవరు బ్రేకు గురించి ఒక్క మాటంటే చాలు, బండి ఆగిపోయేది. అన్నీ బాగున్నాయన్నాక కూడా నాన్న బస్సెక్కి చివరి సీటు దాకా నడిచి, ఒక్కొక్క ముఖమూ చూసి దిగేవాడు. టిక్కెట్లు చూస్తున్నాడని కొత్తవాళ్లు జేబులు తడుముకునేవారు. స్కూటర్ సీటు ప్లాస్టిక్ కూడా తీసేశాడు. ఆ తర్వాత వానలో నాన్నా స్కూటరూ కలిసే తడిసేవారు.

ఇప్పుడు నాకు ఆనాటి నానమ్మ వయసు వచ్చింది. గ్యాసు పైపు పాతబడిందన్నా, మనవడి స్కూలు ఆటోలో పిల్లలు ఎక్కువయ్యారన్నా ఇంట్లో ఎవరో ఒకరు "ఏం కాదులే" అంటారు. ఒక్కోసారి ఆ మాట నా నోటి చివరిదాకా కూడా వస్తుంది. అప్పుడు నా చెంపకు సబ్బు నురగ చల్లగా తగిలినట్టు ఉంటుంది. లేచి వెళ్లి చూసుకుని వస్తాను.