అక్క విన్న సప్పుడు

కాలిన ఇంజను నూనె వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఎవరినో ఒకరిని నిలబెట్టి కడిగెయ్యాలనిపిస్తుంది. నేనిప్పుడు చదువు కోసం మహబూబ్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటున్నాను. కింద ఆటోల షెడ్డు. పొద్దున్నే ఎవరో ఒకరు ముసలి ఆటోను లేపి నల్లటి పొగ వదులుతారు, ఆ పొగ కిటికీలోంచి నా చాయ్ గ్లాసు దాకా వస్తుంది, అంతే, నేను మళ్లీ నకిరేకల్ పక్కన మా ఊళ్లో ఆరో తరగతి పిల్లనై, ఎర్ర కారు వెనక సీట్లో తంగేడు పూల కింద ఇరుక్కుని కూర్చుంటాను. ఏండ్లు గడిచినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు రోడ్డు పక్క భూములకు రెక్కలొచ్చాయి. మా బాపుకు అన్న, ఉమ్మడి ఇంటికి పెద్ద అయిన పెద్దనాయిన, బత్తాయి తోటలో సగం ప్లాట్ల వాళ్లకు అమ్మేసి, ఇంట్లో ఒక్కరినీ అడగకుండా హైదరాబాద్ నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు పట్టుకొచ్చాడు. రెండే తలుపులు, వెనక పేరుకు ఒక సీటు, నేలను నాకుతున్నట్టుండే కడుపు. తాటిముంజల రోజులు, పిల్లలమంతా ముంజలు జుర్రిన జిగట చేతులతోనే దాన్ని తడిమి చూశాం. మా నాయనమ్మ, అందరికీ అవ్వ, కొబ్బరికాయ కొట్టి, "గిదేంది కొడుకా, కప్ప లెక్కున్నది" అన్నది. పొద్దుగూకేలోపు ఊరంతా దానికి కప్పకారు అనే పేరు ఖాయం చేసింది. నాకైతే దానంత అందమైనది లోకంలో లేదనిపించేది.

పెద్దనాయినకు చీకటి పడితే చూపు ఆనదు, బాపుకు ట్రాక్టర్ తప్ప తెలియదు. అందుకని నడపడం మా అక్క మంజులకు నేర్పించారు. నేర్పింది పెద్దనాయినే, అబద్ధం చెప్పను. పంట తీసిన చెలకలో ఎర్రటి దుమ్ము లేపుకుంటూ, క్లచ్చు మీద కాలు ఎట్లా ఉంచాలో ఓపిగ్గా చెప్పేవాడు. అప్పుడు అక్క ఇంటర్ రెండో ఏడు. దాని చెవులు మామూలు చెవులు కావు. మలుపు తిరగకముందే ఏ బస్సు వస్తోందో చెప్పేది, పిండిగిర్నీ బెల్టు జారితే గిర్నీ ఆయన కంటే ముందు పసిగట్టేది. "నిన్ను నల్లగొండల ఇంజనీరింగుల ఏస్త బిడ్డా, ఇంజన్లే సదువుదువు" అని పెద్దనాయిన పదిమందిలో మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని అక్క ఆకాశంలో తిరిగింది.

వానాకాలం నడుమ, ఊరి మలుపులో ఓ రాయి కారు కడుపుకు తగిలింది. ఆ తర్వాత నుంచి లోపల ఒక చప్పుడు మొదలైంది. పొద్దున లేపినప్పుడు అంతగా ఉండదు, బండి వేడెక్కి కాస్త గట్టిగా తొక్కితే లోతుగా, ఎవరో గోడ అవతల సుత్తితో కొడుతున్నట్టు టక టక టక. ఊళ్లో డాక్టర్లకేం కరువు? పెట్రోలు కల్తీ అన్నారొకరు, దిష్టి అన్నారొకరు. దిష్టి మాట పెద్దనాయినకు నచ్చింది. నకిరేకల్ సంతలో నిమ్మకాయలన్నీ మా బంపరుకే వేలాడాయి.

అక్క మాత్రం ఒక ఆదివారం, ఇల్లంతా ఉడకబెట్టిన మక్క కంకుల వాసన నిండి ఉండగా, అవ్వ అంబలి కలిపే పొడుగాటి తెడ్డు ఎత్తుకొచ్చింది. నడుస్తున్న ఇంజను మీద తెడ్డు ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, పైనుంచి కిందికి ఒక్కో చోటా విన్నది. "ఓ పోరీ, గది అంబలి తెడ్డే! రేపు నూనె వాసనొస్తే గా అంబలి నీ కారుకే తాపిస్త!" అని అవ్వ అరుస్తూనే ఉంది. అక్క చేతికి తువ్వాల చుట్టుకుని ప్లగ్గుల తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, విని, మళ్లీ పెట్టింది. మూడో తీగ ఊడదీయగానే సుత్తి దెబ్బ మెత్తబడింది. ఆ మూడో పిస్టన్ రాడ్డు అడుగున బేరింగు అరిగిపోయిందని, రాయి తగిలి సొట్టపోయిన చోట నూనె సరిగా పైకి ఎక్కడం లేదని చెప్పింది. నూనె కొలిచే కడ్డీ తీసి, వేలికి రాసుకుని, అందులో మెరుస్తున్న ఇనుప రజను అందరికీ చూపించింది.

పెద్దనాయిన నవ్వాడు. ఆయన పెరిగింది బావి మీద డీజిల్ ఇంజను పక్కన. ఆ రోజుల్లో దబ్ దబ్ మని ఊరంతా వినబడే ఇంజను ఎవరిదైతే వాళ్లే ఆసామి.

"సప్పుడు జెయ్యని ఇంజన్ సచ్చిన ఇంజన్ బిడ్డా. గిది దమ్ము మీదున్నది, నువ్వు ఫికర్ జెయ్యకు."

"గది డీజిలు పెద్దనాయిన, గిది పెట్రోలు. గది కొట్టుకుంటెనే నడుస్తది, గిది కొట్టుకుంటె సస్తది. జర విప్పిద్దాం, గప్పటిదాంక నడపొద్దు."

విప్పించలేదు. కారులో పాటల చప్పుడు పెంచాడు, అదీ ఆయన చేసిన రిపేరు.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున పూలకు పోయాం. గుట్ట కింద తంగేడు విరగబూసింది, గట్ల మీద గునుగు తెల్లగా ఊగుతోంది, సీతాఫలాలు కళ్లు తెరిచి ఉన్నాయి. అక్క నడుపుతోంది, పక్కన పెద్దనాయిన, వెనక నేను, నా మీద మెడ దాకా పూలు. పెద్ద రోడ్డెక్కాక ఎవరిదో జీపు మమ్మల్ని దాటింది. "తొక్కు బిడ్డా, తొక్కు! కప్ప అని నవ్వుతరు, సూపియ్యి!" అన్నాడు పెద్దనాయిన. అక్క కాలు తీసేసింది. "వద్దు పెద్దనాయిన, సస్తది" అంటూనే ఉంది. ఆయన గద్దించాడు, ఇంటి పెద్ద గద్దింపు. అక్క తొక్కింది. పాటను మించిన చప్పుడుతో లోపల ఏదో పగిలింది, రాడ్డు ఇంజను గోడను చీల్చుకుని బయటికొచ్చింది, వేడి నూనె రోడ్డంతా పారింది. పొగలోంచి అక్క నన్ను బయటికి లాగుతుంటే పూల మీద నల్లటి చుక్కలు పడుతున్నాయి.

ఆ సాయంత్రం వాకిట్లో పంచాయితీ. ఆడపిల్ల కాలు బండిని తిన్నదన్నారు. అది చాలదన్నట్టు పెద్దనాయిన, మా అందరి ముందు, "పండుగ పూట సస్తది సస్తది అని నోటితోని అన్నది, సచ్చింది. దాని నోరే మంచిది కాదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తొక్కుమన్నది నువ్వే గదా!" అని అరిచాను. "చిన్నదానివి, నువ్వు నడుమ మాట్లాడకు" అన్నాడు బాపు, తల దించుకుని. పెద్దనాయిన అబద్ధం కంటే బాపు దించుకున్న ఆ తల మీదే నాకు ఎక్కువ కోపం. ముందే చెప్పినవాళ్లను కీడు కోరినవాళ్లు అనడం మా ఇళ్లల్లో ఎంత సులువో ఆ రోజు తెలిసింది. నిజం విన్న చెవిని పొగడాల్సింది పోయి, చెప్పిన నోటిని తిట్టారు.

ఇంజనీరింగు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. "ఉన్న కారునే మింగింది, ఇంక ఇంజన్ల సదువెందుకు" అన్నారు. ఇంటర్ ఫలితాలొచ్చాయి, మంచి మార్కులే. ఆ ఏడే మక్తల్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. కారును పాత ఇనుము వాళ్లు ముక్కలు చేసి తీసుకుపోయారు. మిగిలిన బత్తాయి చెట్లూ పోయి, అక్క క్లచ్చు నేర్చుకున్న చెలకలో ఇప్పుడు ప్లాట్ల హద్దులకు తెల్ల రాళ్లు నాటి ఉన్నాయి. అవ్వ లేదు. పెద్దనాయినా పోయాడు. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

మొన్న ఎండాకాలం సెలవులకు మక్తల్ పోయాను. బావ మంచివాడే, మమ్మల్ని తన కారులో సంతకు తీసుకెళ్తున్నాడు. ముందు సీట్లో బావ, ఆయన దోస్తు. వెనక అక్కా, నేనూ, అక్క ఒళ్లో దాని బిడ్డ. కొంత దూరం పోయాక ముందు నుంచి సన్నగా టక టక వినిపించింది. నా చెవులకే వినిపిస్తే అక్కకు వినిపించదా? దాని వైపు చూశాను. బిడ్డకు పల్లికాయలు ఒలిచి పెడుతోంది.

"అక్కా, నీకు ఇనబడతలేదా?"

"ఇనబడతాంది. శాన దినాల సంది."

"మరి బావకు చెప్పవా?"

అక్క తలెత్తలేదు. "ఒకపారి చెప్పిన గదనే. సాలు."

నేను ముందుకు వంగి, "బావా, కారు ఆపు" అన్నాను, అరిచినట్టే అన్నాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది.