బిస్కెట్ డబ్బా బూస్టరు

“...అంటే శనివారం నా మొహం కూడా గళ్ళ దుప్పటిలా కనపడితే సర్దుకుపొమ్మంటారా?”

“కనపడదు. నేనున్నానుగా.”

“మీరున్నారనే నా భయం.”

వంటింట్లోంచి వస్తున్న ఈ మాటలకు ముందుగదిలో అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. కూతురూ అల్లుడూ పోట్లాడుకుంటుంటే ఆవిడ ఎప్పుడూ అంతే. మధ్యలోకి వెళ్ళదు, ఒక్క ముక్కా వదులుకోదు.

అల్లుణ్ణి వీధిలో అందరూ టీవీ డాక్టరంటారు. మలుపులో చిన్న కొట్టు. బోర్డు మీద పైన పెద్ద ఎర్రటి అక్షరాలతో ‘టీవీ’ అనీ, కింద చిన్నగా ‘ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేయబడును’ అనీ ఉంటుంది. కొన్నేళ్ళుగా కొట్టుకు వచ్చేవన్నీ కింది వరుసలోవే. పై వరుస పరువు కోసం. గోడకు అతుక్కునే పలక టీవీలు వచ్చాక, పాడైతే జనం కొత్తది కొనుక్కుంటున్నారు తప్ప డాక్టరుకు చూపించడం లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఎవరైనా ‘డాక్టరుగారూ’ అని పిలిస్తే, చేతిలో ఉన్నది ఇస్త్రీ పెట్టె అయినా, మెడలో స్టెతస్కోపు ఉన్నట్టే తల తిప్పుతాడు.

భార్య రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కౌంటరులో పనిచేస్తుంది. ఏ బండి ఎంత ఆలస్యమో అద్దం వెనకనుంచి చెబుతూ ఉంటుంది. అవతలివాళ్ళు ఆవిడ మొహం చూడరు, వెనకున్న గడియారం చూస్తారు. అలాంటి మనిషి ఆఫీసుల మధ్య జరిగిన క్విజ్ పోటీలో ఆడింది. ఊళ్ళో చానల్ వాళ్ళు దాన్ని కెమెరాలు పెట్టి తీశారు. శనివారం సాయంత్రం ఒక్కసారి వేస్తారు, మళ్ళీ వేయరు. ఆ సమయానికి ఆవిడకు డ్యూటీ. సెలవు దొరకలేదు. తనను తాను టీవీలో చూసుకోవాలంటే ఇంట్లో ఉన్న కేబుల్ పెట్టె రికార్డు చేసిపెట్టాల్సిందే.

ఆ పెట్టె రికార్డు చేసేదంతా కొన్నాళ్ళుగా గళ్ళు గళ్ళుగా వస్తోంది. మాట్లాడుతున్న మనిషి ముక్కు ఒకచోటికి, నోరు ఇంకోచోటికి జరిగిపోయి, కాసేపటికి మళ్ళీ అతుక్కుంటాయి. కేబుల్ కంపెనీ మనిషిని పిలుద్దామని ఆవిడ. డాక్టరింటికి కాంపౌండరును పిలిస్తే వీధిలో తలెత్తుకు తిరగగలనా అని ఇతను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నన్నూ అలాగే చూస్తున్నావంటూ నిష్ఠూరమాడాడు కూడా. పెరటి చెట్టు రోగం తగ్గించకపోతే పోనీ, ముదరబెట్టకుండా ఉంటే చాలని ఆవిడ బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

వైద్యంలో లోటు చేశాడని మాత్రం ఎవరూ అనలేరు. పెట్టెకూ టీవీకీ మధ్య వైరు మార్చాడు. వేడి వల్లనేమోనని పెట్టె కింద సీసా మూతలు ఎత్తు పెట్టి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాడు. అత్తగారికి చెమటలు పట్టాయి, పెట్టె చల్లగా ఉంది. రికార్డింగు నాణ్యత పెంచాడు. డిస్కు నిండిపోయిందేమోనని పాతవన్నీ చెరిపేశాడు. చెరిపేసినవాటిలో అత్తగారి సీరియల్లో హంతకుడెవరో తేలే భాగం ఉందని తర్వాత తెలిసింది.

ఏ వైద్యం చేసినా, చివర్లో టీవీ వెనకున్న బూస్టరు నాబ్ కొంచెం పెంచేవాడు. బిస్కెట్ డబ్బాలో తన చేత్తో చేసుకున్న, సిగ్నల్ పెంచే బూస్టరది. పూర్వం కేబుల్ బొమ్మ మీద చీమలు పాకుతున్నట్టుండే రోజుల్లో వీధి చివరి ఇంటిదాకా బొమ్మ తేటగా తెప్పించినవి అలాంటి డబ్బాలే. డాక్టరన్న పేరూ వాటివల్లే వచ్చింది. బొమ్మ బాగాలేకపోతే సిగ్నల్ పెంచాలన్నది అతను నేర్చుకున్న మొదటి పాఠం. అందుకే గళ్ళు ఎక్కువైన కొద్దీ నాబ్ పెంచుతూ పోయాడు. నాబ్ పెంచిన కొద్దీ గళ్ళు ఎక్కువవుతున్నాయేమోనని అటునుంచి చూడలేదు.

కొట్టుకు ఇలాంటి ఫిర్యాదుతో ఎవరైనా వస్తే, రికార్డింగులోనేనా, మామూలుగా చూస్తున్నప్పుడూ ఇలాగే ఉందా అని ముందు అడుగుతాడు. మామూలుగా చూసినా అలాగే ఉంటే, పెట్టెను అనుమానించి లాభం లేదు. దానికి వచ్చే సిగ్నల్లోనే తేడా ఉంటుంది. ఇంట్లో ఆ ప్రశ్న అడగలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చూస్తే బొమ్మ బాగానే ఉండేది. సాయంత్రాలు కొట్టులో ఉంటాడు. ఆ వేళ టీవీ ముందుండేది అత్తగారు. రోగి పక్కన కూర్చున్నవాళ్ళను ఒక్క మాట అడగకుండా మందు రాసే డాక్టర్లను అతనే ఎన్నోసార్లు వెక్కిరించాడు.

శుక్రవారం సాయంత్రం పరీక్షగా వార్తలు రికార్డు చేస్తే అద్దంలా వచ్చింది. భార్య ఇంటికి రాగానే కూర్చోబెట్టి చూపించాడు. వార్తలు చదివే అమ్మాయి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చన్నాడు. ఫలించింది వైరో, ఫ్యానో, సీసా మూతలో తనకే తెలియదు. ఘనత తీసుకోవడానికి అది అడ్డురాలేదు. ఆవిడ చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వింది.

శనివారం కొట్టు పెందలాడే మూసి వచ్చాడు. టీవీ వెనక దుమ్ము దులుపుతుంటే బూస్టరు ప్లగ్గు ఊడి నేలమీద కనపడింది. దాని సాకెట్లో అత్తగారి మోకాళ్ళ కాపడం దిండు వైరు ఉంది.

“అత్తయ్యా, ఇది ఎప్పుడు పీకారు?”

“నిన్న పొద్దున. అది లేకపోయినా బొమ్మ వస్తూనే ఉంది కదా, బాబూ.”

ఇంజను ఆపేసినా బండి కొంతదూరం దొర్లుతుందని, అలాగని ఊరు చేరదని ఆవిడకు ఓపిగ్గా వివరించాడు. నిన్నటి తేట బొమ్మ బూస్టరు లేకుండానే వచ్చిందన్న ఆలోచన గుమ్మందాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు. దిండు వైరును పక్క సాకెట్టుకు మార్చి, బూస్టరు పెట్టి, శుభమా అని నాబ్‌ను చివరిదాకా తిప్పాడు.

పోటీ మొదలైంది. భార్య పేరు చెప్పుకోవడానికి లేచి నిలబడింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే గళ్ళుగా విడిపోయింది. పేరులో సగం వినపడింది, సగం గరగరలాడింది. రోజూ ఈ వేళకు ఇంతేనని అత్తగారు చెప్పింది. అతని చెయ్యి అలవాటుగా నాబ్ మీదికి వెళ్ళింది. ఇంక తిరగడానికి చోటు లేదు. అలా పట్టుకునే ఉన్నాడు. తెర మీద భార్య ఏదో చెబుతోంది. చప్పట్లు వినపడ్డాయి. ఎందుకు కొట్టారో తెలియలేదు.

“కాస్త పక్కకు జరుగు, బాబూ,” అని అత్తగారు వంగి ప్లగ్గు పీకేసింది.

బొమ్మ ఒక్కసారిగా తేటపడింది. భార్య పెదవి కొరుక్కుంటూ గంట మీద చెయ్యి పెట్టి ఎదురుచూస్తోంది. నుదుటి మీద చిన్న మచ్చతో సహా కనపడుతోంది.

అతనికి అప్పుడు అర్థమైంది. కంపెనీ నుంచి వచ్చే సిగ్నలే ఇప్పుడు నిండుగా ఉంది. సాయంత్రం చల్లబడితే ఇంకాస్త పెరుగుతుంది. దాని మీద ఈ డబ్బా, చెవిలో మైకు పెట్టి అరిచినట్టు అరుస్తుంటే పెట్టెకు చెవులు దిబ్బళ్ళు వేశాయి. రోగం పెట్టెలో లేదు. అది మొదటినుంచీ డాక్టరు చేతిలోనే ఉంది.

భార్య డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా రికార్డింగు పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. తన పేరు ముక్కలు ముక్కలుగా వినపడ్డప్పుడు కళ్ళు చిట్లించింది. పెదవి కొరుక్కునే చోటు వచ్చేసరికి ముందుకు వంగింది. అక్కడినుంచి చివరిదాకా చూసింది. ఆ భాగం వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

“మొదటి జవాబు నాదే. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడేమైందండీ?”

అత్తగారు సౌండు తగ్గించింది. చానల్ తప్పనవచ్చు. గాలీ వానా అనవచ్చు. కేబుల్ కంపెనీ ఎటూ ఉండనే ఉంది.

“రేపు పొద్దున పెయింటరును పిలుస్తాను,” అన్నాడతను. “బోర్డు మీద ‘టీవీ’ చెరిపించేస్తున్నా.”