అన్వర్ సార్ చెప్పిన ఒక్క లైను

దయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. కానీ తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజుల్లో, సిద్దిపేటలో, పట్టపగలు జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు.

నేను మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నాకు చదువు చెప్పిన అన్వర్ సార్ అక్కడే లెక్చరర్. పాఠాలు అయిపోయాక ఆయనకు ఇంకో లోకం ఉండేది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపల చూసి సరిచేయగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఆయన పైసా తీసుకోకుండా డ్రైవర్లు రాసేవారు.

సమాచారం పరాయివాళ్లకు అర్థం కాకుండా మార్చే లెక్కలు చిన్న కంప్యూటర్లకు పెద్ద భారం. ఆ లెక్కల కోసమే వేరే చిప్ ఉంటుంది. అయితే దాన్ని పలకరించడం ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియాలి. అది నేర్పే ప్రోగ్రామే డ్రైవర్. తయారుచేసిన కంపెనీ వివరాలు ఇవ్వలేదు. సార్ ఆ చిప్‌కు ఒక్కో ప్రశ్న పంపి, అది ఇచ్చే జవాబులను బట్టి దాని స్వభావం పట్టుకున్నారు. అంత ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

"పైసలున్నోళ్ల మిషిన్లకే తాళాలుంటే ఎట్ల స్వరూపా? గరీబోళ్ల మిషిన్‌కు గూడ ఉండాలె," అనేవారు.

డ్రైవర్ ఆ సిస్టమ్ కొత్త విడుదలలో చేరబోతుండగా సార్‌కు గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్ తీసుకుపోవాలన్నారు. సమ్మెలో భాగంగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు జరుగుతోంది. అంబులెన్సును చూడగానే జనం మండుతున్న పొయ్యిలను పక్కకు లాగి, టెంటు తాళ్లు విప్పి దారి ఇచ్చారు. వెనక సీట్లో సార్ చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆయన భార్య నసీమ్ ఆపా ఆ మాట చెప్పినప్పుడల్లా ఏడ్చేది.

సార్ దవాఖానలో ఉండగానే అదే చిప్, ఇంకో రకం ప్రాసెసర్ ఉన్న కొత్త బోర్డు పార్శిల్‌లో వచ్చింది. దాని మీద కూడా పనిచేస్తేనే డ్రైవర్‌ను తీసుకుంటామని ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే ప్రాజెక్టు వాళ్లు ముందే చెప్పారు. సమ్మెతో కాలేజీకి తాళం పడింది. తాళంచెవి అటెండర్ రాజవ్వ దగ్గర ఉండేది. సార్ పని అంటే ఆమె కాదనలేదు.

బోర్డు మీద పరీక్షలు నడిపాను. చిప్ ఇచ్చే జవాబులు చాలాసార్లు సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో ఏదో ఒకటి తప్పేది. మళ్లీ నడిపితే ఇంకోచోట తప్పేది. ఎక్కడ వెతకాలో తోచలేదు. గడువు మర్నాటితో అయిపోతోంది. పగలు కరెంటు వచ్చీ పోతూ ఉంది.

ఆ మధ్యాహ్నం తెర మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. వెనక నుంచి సార్ గొంతు వినిపించింది.

"నువ్వు సదివేది పాత కాపీ బిడ్డా. చిప్ కొత్తది రాసింది, ప్రాసెసర్ తన దగ్గరున్న పాతదే సూపిస్తుంది. గా పాతది పారేయమని చెప్పి, అప్పుడు సదువు."

తిరిగి చూశాను. తెల్ల చొక్కా, ఒట్టి కాళ్లు. ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారనుకున్నాను. డిశ్చార్జ్ చేశారన్న సంతోషంలో, "కూర్చోండి సార్, ఒక్క నిమిషం," అని ఆయన చెప్పిన చోట ఒక్క లైను చేర్చాను. పరీక్షలన్నీ సరిపోయాయి. మళ్లీ నడిపాను. ఒక్కటీ తప్పలేదు.

ఆనందం పట్టలేక లేచి చూస్తే సార్ లేరు. వరండాలోకి పరుగెత్తాను. మెట్ల దగ్గర రాజవ్వ బియ్యం ఏరుతోంది.

"సార్ గిప్పుడే దిగిపోయిండు గదమ్మా. పానం ఎట్లున్నది సారూ అంటే నవ్విండు, మాట్లాడలే," అంది.

నసీమ్ ఆపాకు ఫోన్ చేశాను. "సార్‌ను ఒక్కరినే ఎందుకు పంపించావు ఆపా?" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ స్వరూపా? ఆపరేషన్ నడుస్తుంది. పొద్దటి సంది నేను తలుపు కాడ్నే కూసున్న."

ఆయన పోయారేమో అనుకున్నాను. చీకటిపడుతుండగా ఆపాయే ఫోన్ చేసింది. సార్ కళ్లు తెరిచారట.

ఆ లైను సార్ పేరు మీదే పంపాను. డ్రైవర్‌ను తీసుకున్నారు.

కోలుకుని వచ్చాక ఆయనకు అంతా చెప్పాను. నవ్వలేదు, భయపడలేదు. బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, కోడ్ తెరిపించి చదివారు.

"గిది మంచిగ పట్టుకున్నవ్. కని గీ బోర్డు నేను ఇయ్యాలనే సూస్తున్న. నా పేరెట్ల పెడ్తవ్?"

"మీరే చెప్పారు సార్."

"నాకు యాదికి లేదు. యాదికి లేనిదానికి పేరు పెట్టుకోను."

అప్పటికప్పుడు కూర్చుని, ఆ సవరణ స్వరూపది అని ప్రాజెక్టుకు రాసేశారు. నేనెంత వద్దన్నా వినలేదు. ప్రాణం మీదికొచ్చినా వదలని పని అది. అందులోని ఒక్క లైనును కూడా తనది కాదనిపిస్తే వదులుకున్నారు.

రాజవ్వ మాత్రం చూసింది సార్‌నే అంటుంది. ఆ డ్రైవర్ ఇప్పటికీ నడుస్తోంది. ముక్కూముఖం తెలియనివాళ్లు ఆ లైను గురించి నాకు కృతజ్ఞతలు రాస్తుంటారు. అది నాది కాదు. తనది కాదని సార్ అంటారు.