నక్షత్రంలో మిగిలిన బల్బు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ముట్టుకుంటే చెయ్యి కాలే బల్బు ఎక్కడ కనబడినా నాకు ఒళ్లు మండిపోయేది. కరెంటు ఆదా చేసే దీపాలే వాడాలని పైనుంచి నిబంధనలు వచ్చాయి. కొట్లవాళ్లు పాత బల్బులు తెప్పించడమే మానేశారు. ఇంటింటికీ తిరిగి పాతది పుచ్చుకుని ఎల్‌ఈడీ బల్బు ఇవ్వడం నా పని. (దేశాన్ని నేనొక్కణ్ణే వెలిగిస్తున్నానని నా నమ్మకం.) అలా ఓ డిసెంబరు ముసురులో ఏలూరు నుంచి కొల్లేటికోట దగ్గర మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను.

బాబాయి పోయాక పిన్నికి బాతులే ఆధారం. ఆ వారమే బాతుపిల్లల్ని తెచ్చి, వరండా మూల తడిక కట్టి, వెచ్చదనానికి పైన ఓ బల్బు వేలాడదీసింది. చూడగానే నాకు పూనకం వచ్చింది. "ఇవేమైనా పరీక్షలకి చదువుతున్నాయా పిన్నీ, ఇంత బల్బెందుకు?" అని ఇంట్లోవాటితోపాటు దాన్నీ మార్చేశాను. ఊళ్లో పోగైన పాతవన్నీ వ్యానెక్కి ఏలూరు వెళ్లిపోయాయి. పిన్ని కూడా మురిసిపోయింది. "ఇంత వెలుగిస్తోంది, వేడి ఇంకెంత ఇస్తుందోరా!" అంది. నేనూ తలూపాను.

సాయంత్రానికి చలిగాలి ముదిరింది. పిల్లలన్నీ మూలకు చేరి, ఒకదాని మీదొకటి ఎక్కి ఒకటే కూతలు. అడుగున నలిగేవాటిని పిన్ని పైకి తీస్తుంటే మళ్లీ అక్కడికే దూరుతున్నాయి. బల్బు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడి లేదు. "ఇవి పోతే ఈ ఏడు నాకింకేం లేదురా" అంది పిన్ని, ఏడుపు ఆపుకుంటూ. పాత బల్బు కోసం కొట్టుకి జల్లులోనే పరిగెత్తాను. "ఆ బల్బులు ఇప్పుడెక్కడివండీ? వద్దన్నది మీరే కదండీ" అన్నాడు కొట్టాయన. ఇల్లిల్లూ అడిగాను. అన్నిచోట్లా నేనిచ్చినవే ధగధగా వెలుగుతున్నాయి! అంత ఘనంగా పనిచేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఉత్తచేతులతో వెనక్కి వస్తుంటే, పిన్ని ఇంటి చూరుకింద పసుపుపచ్చగా ఏదో వెలుగుతోంది. క్రిస్మస్ నక్షత్రం! నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి పొద్దున నేను వదిలేసిన బల్బు. స్విచ్చి ఆపి, చల్లారేదాకా ఆగలేక, తువ్వాలుతో పట్టుకుని విప్పాను. తడిక పైన అది వెలిగిన కాసేపటికి కూతలు సన్నగిల్లాయి, పిల్లలు మెల్లగా విడివడి కింద చేరాయి.

"నక్షత్రం చీకటైపోయిందే పిన్నీ" అన్నాను.

"ఆయనా పశువుల పాకలోనే పుట్టాడుగా, ఏమీ అనుకోడులే" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీలే. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కుర్రాడు ఆ పొద్దున ఇంకొక్క నిచ్చెన ఎక్కి ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుంటే, నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది.