రెండిళ్ల గోడల మీద ఎలుగ్గొడ్డు

నా చిన్నప్పుడు, పుంగనూరు పక్కన మా పల్లెలో, దడుసుకున్న పిల్లలకు వాతే వైద్యం. పసుపుకొమ్ము కాల్చి నుదుట పెట్టేవాళ్లు. భయపడిందీ పిల్లవాడే, కాలేదీ పిల్లవాడికే. ఆ వైద్యం ఎవడు కనిపెట్టాడో గానీ, డెబ్బై దాటినా వాడి మీద నా కోపం తీరలేదు.

ఒకనాటి సాయంత్రం మా తాతయ్యతో చెనక్కాయల చేనికి వెళ్లాను. వేరుశెనక్కాయలు తవ్వుకుంటున్న ఎలుగుబంటి నన్ను చూసి రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. మావైపు దాన్ని ఎలుగ్గొడ్డంటారు. కాసేపు చూసి, దాని దారిన అది పోయింది. నన్ను తాకనైనా లేదు. కానీ అప్పటినుంచి నాకు మాట పడిపోయింది. తాతయ్యేమో కట్టె తీసుకుని దాన్ని కొండదాకా తరిమానని ఊరంతా చెప్పుకున్నాడు. అలాంటి మగాడి మనవడు ఇలా అయ్యాడేమిటని జనం నన్నే వెక్కిరించారు. ఆదివారానికి మాట రాకపోతే వాత తప్పదన్నారు.

మా పక్కింటి అక్క మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో ఆయా. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం కొట్టుకుందామని వచ్చింది. వాత వద్దని మా అమ్మతో పోట్లాడింది. ఎవరూ వినలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూనే నన్ను చంకనేసుకుపోయి, తన తెల్లటి కొత్త గోడ ముందు దించి, చేతిలో బొగ్గు పెట్టింది.

"మాట రాకుంటే పోనీలే నాయనా. అదెట్లుండాదో నాకు సూపించు."

గీశాను. ఇంతేనా అని అడిగితే, కాదని తల ఊపాను. గీస్తూ పోతే ఆమె గోడ అయిపోయింది. పక్కనే మా గోడ ఉందిగా అంది. మూతి ఆమె ఇంటికి, ముడ్డి మా ఇంటికి వచ్చేటట్టు ఎలుగ్గొడ్డు తయారైంది.

మా ఇంట్లో పొయ్యిలో పసుపుకొమ్ము కాలుతోంది. తాతయ్య బయటికొచ్చి, గోడ చూసి అరవబోయి ఆగిపోయాడు. చాలాసేపు దాని మూతినే చూశాడు. తర్వాత నా చేతిలోని బొగ్గు తీసుకుని, ఒక కానుగ చెట్టు గీసి, దాని కొమ్మల్లో పంచె కట్టిన మనిషిని గీశాడు.

"నేను ఈడుండానమ్మా," అన్నాడు అక్కతో. "తరిమిందీ లేదు, పాడూ లేదు. పిల్లోణ్ణి కిందిడిసి ఎక్కేసినా."

నేను బొమ్మనే చూస్తున్నాను. అందులో ఒక తప్పుంది. అది చూసి నేను ఊరుకోలేకపోయాను.

"నీకు పంచె లేదు తాతా. కింది కొమ్మకు తగులుకోని ఉన్నింది."

అక్క నవ్వలేక గోడకానుకుని కూలబడింది. గుమ్మంలో ఉన్న మా అమ్మ నవ్వుతూ ఏడుస్తూ లోపలికి పరుగెత్తి పొయ్యి మీద నీళ్లు గుమ్మరించింది. తాతయ్య అందరికంటే గట్టిగా నవ్వుతూ, బొమ్మ మనిషి పంచె చెరిపేసి కొమ్మకు తగిలించాడు. పొద్దు గూకేలోపు వీధి వీధంతా వచ్చింది. ఒకరు పామును గీశారు, ఒకరు సూదిమందును. మా మేనత్త వాళ్ల అత్తగారిని గీసింది.

ఈ కాలంలోనూ "మగపిల్లోడివి, భయమేంది" అనేవాళ్లు ఉన్నారు. వింటే ఒళ్లు మండుతుంది. మొన్న బెంగళూరులో లిఫ్టులో ఇరుక్కుని మా మనవరాలు రెండు రోజులు అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుని, కంటి ఆపరేషనంటే నాకున్న భయాన్ని ముందు నేనే గీశాను. డాక్టరుకు కొమ్ములు చాలవని, అది నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది.