తోకకు రంగు పడని చేప

మా బాబాయి బతికున్నన్నాళ్ళూ చేసింది ఒకటే పని. తాను కాపురమున్న దూరపు దీవుల్లోని చెట్టూ చేమా, పిట్టా పురుగూ, చేపా పీతా అన్నిటికీ బొమ్మలు వేసి, సర్కారు వేస్తున్న పుస్తకంలోకి ఎక్కించడం. కుంచెను పెదవులతో మొన తీర్చేవాడు కనుక ఆయన మీసం ఏ పూట ఏ రంగులో ఉండేదో చెప్పలేం. చచ్చిన చేపకు రంగు వెలిసిపోతుందని, బతికుండగానే బకెట్లో పెట్టుకుని వేసేవాడు.

"ఇవాళైనా స్నానానికి బకెట్ ఇస్తారా, నన్నూ సముద్రానికే పొమ్మంటారా?" అనేది పిన్ని.

ఒకసారి జాలరి ఒకాయన అంతవరకు ఎవరూ చూడని చేపను తెచ్చాడు. తలకూ నడుముకూ రంగులు పడేసరికి అది పక్కకి ఒరిగి నోరు తెరిచింది.

"ఇంకాస్త ఓపిక పట్టండి, తోకేగా," అంది పిన్ని.

"దానికి ఊపిరాడట్లేదే," అంటూ బాబాయి బకెట్ ఎత్తుకుని ఒడ్డుకు పరిగెత్తాడు.

ఆ చేప మళ్ళీ ఎవరి వలలోనూ పడలేదు. తోకకు ఉజ్జాయింపుగా ఏదో ఒక రంగు వేసెయ్యమన్నాడు ఆఫీసరు, లేదంటే ఆ పేజీ తీసేస్తానన్నాడు.

"అప్పుడు నేను దాని నోరే చూశానండీ, తోక చూడలేదు," అన్నాడు బాబాయి.

అచ్చయిన పుస్తకాన్ని పిన్ని చివరిదాకా తిరగేసి మూసింది.

"ఇందులో లేకపోతేనేం లెండి, సముద్రంలో ఉందిగా," అంది.