గొర్ల దొడ్డికి కడప

మనుషులుండే ఇళ్లకే జాగా లేక చస్తుంటే బండికి ఇల్లు కడతారా అని మా ఊరంతా నవ్వింది. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ ఇల్లు కట్టించింది మా అత్తమ్మ గుర్వమ్మ. ఆమె సంగతి నేను చెప్పకపోతే ఊళ్లో ఇంకొకరు చెబుతారు, అందులో సగం అబద్ధాలుంటాయి.

మాది ఆత్మకూర్ దగ్గర ఊరు. మా ఆయన పేరు పర్వతాలు. హైదరాబాద్‌లో ఒక టూరిస్టు కంపెనీలో డ్రైవరుగా చేసేవాడు. ఆ కంపెనీ వాళ్లు పాత కారవాన్ ఒకటి అమ్మేస్తుంటే తనే కొనుక్కొచ్చాడు. లోపల మంచం, పొయ్యి, గిన్నెలు కడిగే సింకు, నెత్తిన ఏసీ డబ్బా. యాత్రలకు పోయేవాళ్లను తిప్పుకుంటూ సొంతంగా బతుకుతానన్నాడు. ఊరివాళ్లు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు. వాకిట్లో నిలబెట్టిన వారంలోనే కోతులు కిటికీ రబ్బర్లు పీకి నమిలాయి. ఎండకు రంగు పొక్కులు లేచింది. షెడ్డు వెయ్యకపోతే బండి దక్కదని తేలిపోయింది. మరి జాగా ఎక్కడిది?

"మన గొర్ల దొడ్డి లేదా," అంది అత్తమ్మ.

మోకాళ్లు అరిగిపోయి గొర్లను అమ్ముకున్ననాటి నుంచి ఆ ఖాళీ దొడ్డిని పొద్దున్నే ఊడ్చుకునే మనిషి ఆమె. అందులో ఒక్క కట్టెపుల్ల పెట్టుకుంటానన్నా నామీద లేచేది.

"ఊకె ఇయ్య. నేను చెప్పినట్టు కట్టాలె," అంది మళ్లీ.

చెప్పినట్టే కట్టారు. చేతికర్రతో నేల మీద గీతలు గీసి, వాకిలి ఎటుండాలో, బండి ఎటు నుంచి తిరిగి రావాలో చూపించింది. కప్పు పని వెల్డింగ్ చేసే హమీద్‌ది, గోడల పని మేస్త్రీ బుచ్చయ్యది. ఇద్దరినీ ఆమె పోరిన పోరు నన్ను పోరినా బాగుండేది, ఆ నాలుగు రోజులు వాళ్లు సుఖపడేవాళ్లు. ఇనుప రేకు గాలికి డబడబ మోగుతుందని విప్పించి మళ్లీ బిగింపజేసింది. "పెద్దమ్మా, నువ్వు మేస్త్రీగ పుట్టాల్సింది," అన్నాడు హమీద్. "పుడితే నీ బతుకు ఏం గాను," అంది.

గోడలు లేచాక అసలు పంచాయితీ మొదలైంది. వాకిలికి కడప, అదే గడప, వెయ్యమంది.

"బండి జాగకు కడపేందవ్వా?" అన్నాడు బుచ్చయ్య.

"ఇల్లుబండి అంటున్నరు గద. ఇల్లన్నంక కడప ఉండాలె."

ఈ కడప గోల ఏమిటో చెప్పాలి. మా దిక్కు కొత్త కోడలు ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడబిడ్డ కడప దగ్గర అడ్డం నిలబడుతుంది. పెనిమిటి పేరు చెబితేనే దారి ఇస్తుంది. ఆ పిల్ల సిగ్గుతో మెలికలు తిరగడం, చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వడం, అదో ముచ్చట. అత్తమ్మ కాలంలో ఆడవాళ్లు మొగుడి పేరు పలికేది ఆ ఒక్కసారే.

అత్తమ్మకు ఆ ముచ్చట తీరలేదు. ఆమె పెళ్లినాటికి మామ వాళ్ల మంద కృష్ణ ఒడ్డున మేస్తోంది. మందను విడిచి ఉండలేక పెళ్లికూతుర్ని పందిట్లోంచి నేరుగా అక్కడికే తీసుకుపోయారు. తుమ్మచెట్టు కింద గొంగడి పరిచి ఇదే మన ఇల్లన్నారు. అడ్డం నిలబడడానికి ఆడబిడ్డ సోమమ్మ ఉంది గానీ, అడ్డం నిలబడే వాకిలే లేదు. పెళ్లికూతురు మొహం చిన్నబోవడం చూసి, మామ అక్కడున్న పొడుగాటి నల్లరాయి చూపించి, ఇల్లు కట్టిననాడు నీకు కడప ఇదేనన్నాడట. అన్నట్టే ఎడ్లబండి మీద ఊరికి తెచ్చాడు. తీరా ఇల్లు లేచేసరికి అత్తమ్మ చంకలో మా ఆయన ఉన్నాడు, వాకిలికి దర్వాజతో పాటే కట్టె కడప వచ్చింది. రాయి దొడ్డి పక్కన పడిపోయింది. దాని మీద మేము బట్టలు ఉతుక్కున్నాం. మామ కూడా పోయాడు.

ఇదంతా తెలిశాక బుచ్చయ్య ఒప్పుకున్నాడు. షెడ్డు వాకిలికి అడ్డంగా ఆ రాయి వేసి, చక్రాలు ఎక్కేటట్టు ముందూ వెనకా సిమెంటు వాలు తీశాడు. అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది.

బండిని లోపల పెట్టేరోజు మామిడాకులు కట్టాం. ఊరంతా వచ్చింది. అత్తమ్మ ఆడబిడ్డ సోమమ్మ కూడా కొడుకు మోటారు సైకిలెక్కి వచ్చింది. పర్వతాలు బండిని మెల్లగా పోనిచ్చాడు. ముందు చక్రాలు రాయి ఎక్కాయి. అంతే, ఏసీ డబ్బా వాకిలి పైనున్న ఇనుప దూలానికి తగిలి కిర్రుమంది. ఎత్తు కొలిచింది నేల మీది నుంచి. రాయి మీది నుంచి కొలవాలని ఒక్కరికీ తట్టలేదు.

జనం నవ్వారు. దూలం కోస్తే కప్పు మొత్తం విప్పాలని, రాయి తీస్తే సరిపోతుందని హమీద్ అన్నాడు. అత్తమ్మ పోయి ఆ రాయి మీద కూర్చుంది.

"దూలమే కొయ్యున్రి. రాయి కదలది."

"అమ్మా, జర ఇను," అని కొడుకు బతిమాలాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే అరిచాను.

"అత్తమ్మా, ఇల్లు ఏది? గీ ఇల్లుబండా, గా షెడ్డా?"

ఆమె బండిని చూసింది, షెడ్డును చూసింది. నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంటికి వెయ్యాల్సిన కడప దొడ్డికి వేయించిన నేను. గొర్ల దొడ్డికి ఎవడన్న కడప పెడ్తడా? బుచ్చయ్యా, గడ్డపార తే."

సిమెంటు వాలు పగలగొట్టి రాయి లేపారు. బండి లోపలికి వెన్నలా దిగింది. ఆ రాయిని నలుగురు మోసుకొచ్చి బండి పక్క తలుపు కింద వేశారు, మెట్టూ అదే, కడపా అదే. తోరణం కూడా తీసుకొచ్చి ఆ తలుపుకే కట్టాను. కట్టి ఊరుకుంటానా? సోమమ్మను రెండు చంకల కింద పట్టి బండిలోకి ఎక్కించాను. నేను చెప్పకముందే ముసలామె రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టింది.

"పేరు చెప్పి రా," అంది.

"సిగ్గులేదా వదినె, గీ వయసులనా?" అని అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్తెనే దారి."

నవ్వినవాళ్లంతా ముందుకు జరిగారు. అత్తమ్మ కుడికాలు రాయి మీద పెట్టి, కొంగులోనే ఏదో గొణిగింది.

"ఇనబడలే," అంది సోమమ్మ.

అత్తమ్మ కొంగు తీసేసింది. తల ఎత్తి, మందను కేకేసినట్టు ఊరంతా వినేలా చెప్పింది.

"బీరప్ప పెండ్లాం గుర్వమ్మ వచ్చింది. జరుగు వదినె."